నగర్‌నార్: ఆసుపత్రి బిల్లు ఎక్కడ మొదలవుతుంది? మితానిన్ మందుల పెట్టె దగ్గర నుంచి చూస్తే..

ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో మితానిన్ ఇంట్లో ఒక మందుల పెట్టె ఉంటుంది. అక్కడివాళ్లు దాన్ని 'దవా పేటీ' అంటారు. అందులో పారాసిటమాల్ మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు, ఐరన్ మాత్రలు, మలేరియా పరీక్షకు ర్యాపిడ్ కిట్లు, పాజిటివ్ వస్తే ఆలస్యం చేయకుండా మొదలుపెట్టాల్సిన ఏసీటీ మాత్రలు ఉంటాయి. జ్వరంతో ఉన్న పిల్లవాడి వేలి కొసన సూదితో గుచ్చి, ఒక చుక్క నెత్తురు కిట్ మీద వేస్తే ఇరవై నిమిషాల్లోపు ఫలితం తెలుస్తుంది. మూడు రోజులు మాత్రలు వేసుకోవాలి. ఇంట్లోవాళ్లకు రూపాయి ఖర్చు ఉండదు. ఆ పరీక్ష చేసినందుకు జాతీయ కార్యక్రమం కింద ఆమెకు నిర్ణయించిన ప్రోత్సాహకం రూ.15.

అదే జ్వరాన్ని నాలుగైదు రోజులు పట్టించుకోకపోతే? అది ఫాల్సిపారం మలేరియా అయితే మెదడుకో మూత్రపిండాలకో పాకుతుంది. అప్పుడు ఐసీయూ కావాలి, ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు కావాలి, రక్తం ఎక్కించాలి, కొందరికి డయాలసిస్ కూడా అవసరమవుతుంది. ప్రైవేటు ఆసుపత్రిలో చేరితే లెక్క వేలల్లో మొదలై లక్షల్లోకి వెళ్తుంది.

కుట్టిన దోమ ఒకటే, వచ్చిన రోగమూ ఒకటే. మధ్యలో మారింది కొన్ని రోజుల సమయం, ఒక కిట్, ఆ కిట్ వాడటం తెలిసిన మనిషి.

ఆసుపత్రి ఖర్చు ఎందుకింత ఎక్కువ అనే ప్రశ్నకు జవాబు సాధారణంగా ఆసుపత్రి గేటు లోపల వెతుకుతుంటారు. డాక్టర్ల ఫీజులు, స్కానింగ్ యంత్రాలు, కార్పొరేట్ లాభాల చుట్టూ చర్చ తిరుగుతుంది. అవన్నీ నిజమే. కానీ రోగిని మొదట చూసేది మితానిన్, ఆ తర్వాత ఏఎన్ఎం, నర్సు, ల్యాబ్ టెక్నీషియన్. వాళ్ల వైపు నుంచి చూస్తే బిల్లు ఆసుపత్రి కంటే చాలా ముందే మొదలవుతుంది. బస్తర్ జిల్లాలోని నగర్‌నార్ ఇందుకు మంచి ఉదాహరణ. వేల కోట్ల పెట్టుబడి పెట్టిన ఉక్కు కర్మాగారం, రేకుల ఇళ్ల పల్లె అక్కడ పక్కపక్కనే ఉన్నాయి.

ఎవరీ మితానిన్?

ఛత్తీస్‌గఢీలో మితానిన్ అంటే నేస్తం. ఇద్దరు ఆడపిల్లలు జీవితాంతం స్నేహంగా ఉంటామని మాట ఇచ్చుకునే ఒక సంప్రదాయం నుంచి ఈ పేరు వచ్చింది. కొత్తగా ఏర్పడిన రాష్ట్రం 2002లో ఈ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. మూడేళ్ల తర్వాత, 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద దేశమంతటా వచ్చిన ఆశా కార్యకర్తల వ్యవస్థకు ఇదే నమూనా. ఇప్పుడు రాష్ట్రంలో సుమారు 70 వేల మంది మితానిన్‌లు ఉన్నారు. తెలుగు రాష్ట్రాల్లో ఆశా చేసే పనినే వీళ్లు ఊళ్లలో ఇంకొంచెం లోతుగా చేస్తారు.

వీళ్ల పనికి ఫలితం ఉందని చెప్పడానికి బస్తరే సాక్ష్యం. 2020 జనవరిలో 'మలేరియా రహిత బస్తర్' కార్యక్రమం మొదలైనప్పుడు ఆరోగ్య బృందాలు అడవులు, వాగులు దాటి ఇంటింటికీ వెళ్లాయి. జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ పరీక్ష చేశాయి. ప్రభుత్వ లెక్కల ప్రకారం, మొదటి విడతలో 4.6 శాతంగా ఉన్న పాజిటివిటీ తర్వాతి విడతల్లో ఒక శాతం లోపుకు పడిపోయింది. ఎంతమంది ఐసీయూ దాకా వెళ్లకుండా ఆగారో ఏ ఆసుపత్రి రికార్డులోనూ ఉండదు. కట్టాల్సిన అవసరం రాని బిల్లులకు ఖాతా పుస్తకం ఉండదు కదా.

ఊరు ఒకటే.. మూడు కార్డులు

నగర్‌నార్ జగదల్‌పుర్‌కు సుమారు 16 కిలోమీటర్ల దూరంలో, ఒడిశా సరిహద్దుకు దగ్గరగా ఉంది. హైదరాబాద్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న ఎన్‌ఎండీసీ ఇక్కడ ఏడాదికి 30 లక్షల టన్నుల సామర్థ్యంతో ఉక్కు కర్మాగారం నిర్మించింది. పెట్టుబడి రూ.23,800 కోట్లకు పైనే. 2023 ఆగస్టులో బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. అదే ఏడాది అక్టోబరు 3న ప్రధాని నరేంద్ర మోదీ దాన్ని జాతికి అంకితం చేశారు. ఇప్పుడు అది ఎన్‌ఎండీసీ స్టీల్ లిమిటెడ్ అనే విడి కంపెనీ.

ఈ ఊరి చుట్టుపక్కల తొడ ఎముక విరిగిన ముగ్గురిని ఊహించుకుందాం. ఒకరు కర్మాగారంలో పర్మినెంటు ఉద్యోగి, ఇంకొకరు అదే కర్మాగారంలో కాంట్రాక్టు కూలీ, మూడో వ్యక్తి చింతపండు రాల్చడానికి చెట్టెక్కి జారిపడిన రైతు. ముగ్గురికీ కావాల్సింది ఒకే ఆపరేషన్, ఒకే రకం రాడ్డు, ఒకే విశ్రాంతి.

ప్రభుత్వ రంగ సంస్థల్లో పర్మినెంటు ఉద్యోగులకు సాధారణంగా సంస్థే వైద్యం చూసుకుంటుంది. కంపెనీ రిఫరల్ లెటర్ ఇస్తే, ఒప్పందం ఉన్న ఆసుపత్రి బిల్లును నేరుగా కంపెనీకే పంపుతుంది. రోగి చేతికి బిల్లు రాదు.

కాంట్రాక్టు కూలీకి ఈఎస్ఐ వర్తించాలి. నెల జీతం రూ.21 వేల వరకు ఉన్నవారికి ఈ పథకం ఉంటుంది. జీతంలో 0.75 శాతం కార్మికుడి వాటా, 3.25 శాతం యజమాని వాటా. జీతం పెరిగి పరిమితి దాటితే పథకం నుంచి బయటపడతారు. కాంట్రాక్టరు మారితే, పాత కాంట్రాక్టరు వాటా సరిగా కట్టకపోతే, కార్డు ఉన్నా పేరు కనబడదు. పెద్ద చికిత్సలకు ఇన్నాళ్లు చందా కట్టి ఉండాలన్న నిబంధన కూడా ఉంది. పని మానేసిన రోజు కూలి పోతుంది కాబట్టి ఈ తిరుగుడంతా అతని మీద అదనపు భారం.

రైతుకు ఆయుష్మాన్ కార్డు ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో బియ్యం కార్డున్న పేద కుటుంబాలకు ఏడాదికి రూ.5 లక్షల వరకు, మిగతా కుటుంబాలకు రూ.50 వేల వరకు ఉచిత చికిత్స అని పథకం చెబుతోంది. కాగితం మీద చూస్తే ముగ్గురిలో ఇతనికీ లోటు లేదు. కానీ ముగ్గురిలో అప్పు చేసే అవకాశం ఎక్కువగా ఉన్నది ఇతనికే. ఎందుకో తెలియాలంటే ఊరి నుంచి ఆపరేషన్ బల్ల దాకా అతను వెళ్లే దారిని చూడాలి.

దారి పొడవునా బిల్లు

చెట్టు మీద నుంచి పడిన మనిషి ముందుగా వెళ్లేది ఆసుపత్రికి కాకపోవచ్చు. తెలుగు పల్లెల్లో ఆర్ఎంపీ ఉన్నట్టే బస్తర్‌లో 'ఝోలా ఛాప్' డాక్టర్లు ఉంటారు. ఒక సెలైన్, ఒక నొప్పి ఇంజెక్షన్, చేతిలో ఉన్న డబ్బు కాస్త ఖర్చు. తర్వాత ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం. అక్కడ డాక్టరు ఉన్నా ఎముకల నిపుణుడు ఉండరు. దేశవ్యాప్తంగా గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండాల్సిన నిపుణుల్లో దాదాపు 80 శాతం కొరత ఉందని కేంద్ర ఆరోగ్య శాఖ గణాంకాలే చెబుతున్నాయి. సర్జన్, ఫిజీషియన్, పిల్లల డాక్టర్, గైనకాలజిస్టు, ఈ నలుగురూ ఉండాల్సిన చోట ఒక్కరున్నా గొప్పే.

ఇక మిగిలింది జగదల్‌పుర్. అక్కడ మహారాణి జిల్లా ఆసుపత్రి, డిమ్రాపాల్‌లో బలీరామ్ కశ్యప్ స్మారక ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. 108 వాహనం అక్కడిదాకా ఉచితంగా తీసుకెళ్తుంది. అక్కడా కాదంటే రాయ్‌పుర్‌కు దాదాపు 300 కిలోమీటర్లు, విశాఖపట్నానికీ దాదాపు అంతే దూరం. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి వార్డుల్లో ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రోగులు కనిపించడం కొత్తేమీ కాదు. అరకు కొండల మీదుగా వచ్చే కిరండూల్ రైలే వాళ్లకు అంబులెన్స్.

ప్రయాణం ఖర్చు ఒక్కటే కాదు. వెంట వచ్చిన ఇద్దరికి తిండి, బస, ముగ్గురి కూలి నష్టం కూడా లెక్క వేయాలి. వీటిలో ఏదీ ఆసుపత్రి బిల్లులో కనిపించదు, ఏ కార్డూ వీటిని భరించదు. రోగితోపాటు వెళ్లిన మితానిన్‌కు మాత్రం ఈ లెక్క కంఠతా వచ్చు. ఎక్కడ ఏ సంతకం కావాలో, ఏ కౌంటరు ఎప్పుడు మూస్తారో ఆమెకే తెలుసు కాబట్టి చాలా కుటుంబాలు ఆమె లేకుండా కదలవు.

ల్యాబ్‌లో ఒక ట్యూబ్ కథ

ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం ఉచితం. అయినా రోగుల జేబు ఖాళీ అవుతుంది. "ఈ పరీక్ష బయట చేయించుకోండి", "ఈ మందు బయట తెచ్చుకోండి" అనే రెండు వాక్యాలు అందుకు చాలు. వాటిని చెప్పాల్సి వచ్చేది చాలాసార్లు నర్సు, ల్యాబ్ టెక్నీషియన్. తిట్లు పడేదీ వాళ్లకే.

ఆ రెండు వాక్యాల వెనుక ఏముందో ఛత్తీస్‌గఢ్‌లో ఈ మధ్య బయటపడింది. రక్తపరీక్ష కోసం నెత్తురు తీసి నింపే చిన్న గొట్టాన్ని ఈడీటీఏ ట్యూబ్ అంటారు. మార్కెట్లో దాని ధర పది రూపాయల లోపే. రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు, పరికరాలు కొనిపెట్టే వైద్య సేవల సంస్థ కొనుగోళ్లలో అలాంటి ట్యూబ్‌ను ఒక్కోటి రూ.2,352 లెక్కన కొన్నారన్నది ఆరోపణ. రాష్ట్ర ఏసీబీ, ఆర్థిక నేరాల విభాగం 2025 జనవరిలో కేసు నమోదు చేశాయి. అరెస్టులు జరిగాయి. పరీక్షలు చేసే సౌకర్యమే లేని చిన్న ఆరోగ్య కేంద్రాలకు కూడా ఖరీదైన రసాయనాలు పంపారని, చల్లగా ఉంచాల్సిన వాటిని దాచడానికి అక్కడ ఫ్రిజ్‌లు కూడా లేవని ఆరోపణలు వచ్చాయి. నేరం రుజువు కావాల్సింది కోర్టులో.

ఒక టెక్నీషియన్ దృష్టిలో ఈ కేసుకు అర్థం వేరు. అవసరం లేని రసాయనం అల్మారా నిండా ఉండి, గడువు తీరిపోతుంది. రోజూ కావాల్సింది ఉండదు. అప్పుడు రోగి ఆసుపత్రి గేటు ఎదురుగా ఉన్న ప్రైవేటు ల్యాబ్‌కు వెళ్తాడు. ప్రభుత్వం ఖర్చు పెట్టింది, రోగీ ఖర్చు పెట్టాడు. ఒకే పరీక్షకు రెండు బిల్లులన్నమాట.

మందుల ధరల్లోనూ ఇలాంటి వింతే ఉంది. రాష్ట్రంలో 2021 అక్టోబరులో 'ధన్వంతరి' పేరుతో జనరిక్ మందుల దుకాణాలు తెరిచారు. ముద్రించిన ధర మీద 50 శాతానికి పైగా తగ్గింపు ఇచ్చారు. మంచి పనే, కాదనలేం. కానీ సగానికి సగం తగ్గించినా దుకాణం నడుస్తోందంటే, పెట్టె మీద ముద్రించిన ధర ఎవరి కోసం ముద్రించినట్టు?

నర్సింగ్ హోమ్ బిల్లులో నర్సు వాటా ఎంత?

జాతీయ నమూనా సర్వే 75వ విడత (2017-18) ప్రకారం, ప్రసవాలను మినహాయిస్తే, గ్రామీణ ప్రాంత రోగి ఒకసారి ఆసుపత్రిలో చేరితే సగటు వైద్య ఖర్చు ప్రభుత్వ ఆసుపత్రిలో రూ.4,290. ప్రైవేటులో రూ.27,347. అంటే ఆరు రెట్లకు పైనే. పల్లెల్లో ఈ ఖర్చులో 80 శాతం ఇంటి పొదుపు నుంచి, 13 శాతం అప్పుల నుంచి వచ్చిందని అదే సర్వే తేల్చింది. ఈ అంకెలు పాతవే కానీ, ఆ నిష్పత్తిని చూసి బస్తర్ ఆరోగ్య కార్యకర్త ఎవరూ ఆశ్చర్యపోరు.

ఇంత తేడా ఎక్కడి నుంచి వస్తోంది? సిబ్బంది జీతాలు పెరిగిపోయాయనే మాట ఆసుపత్రుల యాజమాన్యాల నుంచి తరచూ వినిపిస్తుంది. నర్సు వైపు నుంచి ఆ లెక్క చూద్దాం.

నర్సుల సంఘం వేసిన కేసులో 2016లో సుప్రీంకోర్టు ఆదేశించగా, కేంద్రం ఒక కమిటీ వేసింది. 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా నర్సుకు నెలకు రూ.20 వేలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. అమలు రాష్ట్రాలకు వదిలేశారు. కేరళ 2018లో కనీస వేతనాల నోటిఫికేషన్ ఇచ్చింది. చాలా రాష్ట్రాల్లో అది సిఫారసుగానే మిగిలింది.

ఇప్పుడు ఒక ఊహాజనిత లెక్క. పది పడకల వార్డు ఉందనుకుందాం. బిల్లులో 'నర్సింగ్ చార్జీలు' రోజుకు రూ.500 అనుకుందాం. పడకలన్నీ నిండితే నెలకు లక్షన్నర. మూడు షిఫ్టులకు ఒక్కొక్కరు చొప్పున ముగ్గురు నర్సులకు, కమిటీ చెప్పిన జీతమే ఇచ్చినా అయ్యేది రూ.60 వేలు. సెలవుల కోసం నాలుగో మనిషిని పెట్టుకున్నా రూ.80 వేలే. నిజానికి జనరల్ వార్డులో ఐదుగురు రోగులకు ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణం. అంటే పది పడకలకు షిఫ్టుకు ఇద్దరు. అలా పెడితేనే ఆ లక్షన్నరకు న్యాయం జరుగుతుంది. ఒక్కరితో నడిపితే మిగిలేది యాజమాన్యానికి, అలసిపోయేది నర్సు, సూది ఆలస్యమయ్యేది రోగికి.

బిల్లులో అసలు బరువు వేరే చోట ఉంది. దిల్లీ పరిసరాల్లోని నాలుగు పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులను జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ పరిశీలించి 2018 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. బిల్లు మొత్తంలో మందులు, పరికరాలు, పరీక్షల వాటా దాదాపు 46 శాతం. వాడి పారేసే వస్తువుల మీదా మందుల మీదా కొన్నిచోట్ల లాభం 1,737 శాతం వరకు ఉంది. సిరంజి, చేతి తొడుగు, ఐవీ సెట్.. ఇలా నర్సు చేతి మీదుగా రోజూ పోయే వస్తువులే ఇవి. వాటి ధర నిర్ణయంలో నర్సుకు ఏ పాత్రా లేదు. పెట్టె మీద ఎంత ముద్రించాలో తయారీదారు, ఆసుపత్రి కలిసి మాట్లాడుకోగలిగినప్పుడు ఎమ్మార్పీ రోగిని కాపాడదు. ఆసుపత్రి లోపలి దుకాణంలోనే కొనమని బలవంతం చేయడంపై వేసిన పిటిషన్‌లో సుప్రీంకోర్టు 2025 మార్చిలో తీర్పు ఇస్తూ, విధానం రూపొందించే పని రాష్ట్రాలకే వదిలింది.

ఆసుపత్రి యజమాని వాదనలోనూ కొంత నిజముంది. జగదల్‌పుర్ లాంటి పట్టణంలో నిపుణుడిని నిలబెట్టుకోవడం తేలిక కాదు. అరుదైన సరుకుకు ధర ఎక్కువ పలికినట్టే, ఎముకల డాక్టరు ఒక్కరే ఉన్నచోట ఆయన అడిగిందే రేటు. కోటి రూపాయలు పోసి పీజీ సీటు కొన్న డాక్టరు ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవాలనుకుంటారు. స్కానింగ్ యంత్రానికి బ్యాంకు వాయిదా ప్రతి నెలా వస్తుంది. రోగులు తగ్గిన నెలలోనూ ఆ వాయిదా తగ్గదు. అందుకే అవసరం ఉన్నా లేకపోయినా యంత్రం తిరుగుతూ ఉండాలి. రోగిని పంపినవారికి వాటా ఇచ్చే అలవాటు కూడా ఇక్కడే పుడుతుంది. ఆ వాటా కూడా చివరికి రోగి బిల్లులోకే చేరుతుంది.

కార్డు ఉన్నా ఖర్చు ఎందుకు?

ఆయుష్మాన్ భారత్‌కు రెండు భాగాలున్నాయి. మొదటిది పల్లెలో ప్రాథమిక వైద్యం. దాని తొలి కేంద్రాన్ని ప్రధాని మోదీ 2018 ఏప్రిల్ 14న బస్తర్ ప్రాంతంలోనే, బీజాపుర్ జిల్లా జాంగ్లాలో ప్రారంభించారు. రెండోది ఆసుపత్రి బీమా కార్డు. దాన్ని అదే ఏడాది సెప్టెంబరు 23న రాంచీలో ప్రారంభించారు. ఊళ్లో మాట్లాడుకునేది రెండోదాని గురించే. కార్డు చేతికి కనిపిస్తుంది, ఆరోగ్య కేంద్రంలో పోస్టు భర్తీ అయిందా లేదా అన్నది కనిపించదు.

కార్డు పనితీరుపై ఛత్తీస్‌గఢ్‌లోనే గట్టి పరిశోధన జరిగింది. రాష్ట్ర ఆరోగ్య వనరుల కేంద్రానికి చెందిన సమీర్ గార్గ్, సహ పరిశోధకులు ఇంటింటి సర్వేలను విశ్లేషించి 2020లో బీఎంసీ పబ్లిక్ హెల్త్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. పీఎంజేఏవైలో పేరు ఉండటం వల్ల ఆసుపత్రి వైద్యం అందుకోవడం పెరగలేదని, సొంత జేబు ఖర్చూ తగ్గలేదని వారు తేల్చారు. పథకం కొత్తగా ఉన్న రోజుల లెక్క అది. కానీ అంతకు ముందున్న బీమా పథకాల అనుభవమూ ఇంచుమించు ఇదే.

ప్యాకేజీ ధర సరిపోదని కొన్ని ఆసుపత్రులు ముందే కొంత మొత్తం కట్టించుకుంటాయి. 'కార్డులో వచ్చే రాడ్డు మామూలుది, మంచిది కావాలంటే తేడా కట్టండి' అంటాయి. చేరకముందు చేయించిన పరీక్షలు, ఇంటికెళ్లాక వాడే మందులు పూర్తిగా లెక్కలోకి రావు. చెట్టు మీద నుంచి పడిన రైతుకు ఈ మాటలు వినిపించేది కాలు విరిగి స్ట్రెచర్ మీద ఉన్నప్పుడు. అప్పుడు బేరమాడే స్థితిలో ఎవరుంటారు?

బీమా డబ్బు రోగాన్ని బట్టి కాక ప్యాకేజీని బట్టి వైద్యం చేయించే ప్రమాదమూ ఉంది. 2012లో ఛత్తీస్‌గఢ్‌లో అవసరం లేకుండా గర్భసంచులు తొలగించారన్న వివాదం దేశాన్ని కుదిపింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆరోగ్యశ్రీ కింద అదే ఆరోపణ వచ్చి, ఆ ఆపరేషన్లపై ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. నెలసరి ఇబ్బందితో వచ్చిన మహిళకు మందులతో సరిపెడితే ప్యాకేజీ రాదు, ఆపరేషన్ చేస్తే వస్తుంది.

తెలుగు పాఠకులకు ఈ కథ తెలిసిందే. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో ప్రాణాలు కాపాడింది, సందేహం లేదు. అదే సమయంలో ప్రభుత్వ నిధులు ప్రైవేటు ఆసుపత్రుల వైపు మళ్లాయన్న విమర్శ మొదటి నుంచీ ఉంది. ఇక ప్రభుత్వం బకాయిలు పెడితే కార్డు ఒక్క రోజులో కాగితం ముక్కవుతుంది. 2025 సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల కోసం సేవలు నిలిపేశాయి. ఆ రోజుల్లో కౌంటరు దగ్గర 'ఈరోజు కార్డు తీసుకోవడం లేదు' అని చెప్పాల్సి వచ్చినవాళ్లు ఆరోగ్యమిత్రలు. వాళ్లూ చిరుద్యోగులే.

ధరలకు ఒక ప్రామాణికం ఉండాలని చట్టం లేకపోలేదు. 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం నిబంధనల్లో రేట్ల పరిధి నిర్ణయించాలని ఉంది. ఎందుకు నిర్ణయించలేదని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని నిలదీసింది. అయితే ఆ చట్టం స్వీకరించిన రాష్ట్రాలకే వర్తిస్తుంది. తెలంగాణ స్వీకరించింది. ఆంధ్రప్రదేశ్‌కు 2002 నుంచి సొంత చట్టం ఉంది. ఛత్తీస్‌గఢ్‌కూ 2010 నుంచి సొంత చట్టమే. నగర్‌నార్ రైతుకు రేటు చెప్పే బోర్డు దిల్లీ నుంచి రాదు.

కర్మాగారం పక్కన ఉన్నా..

ఇంత పెద్ద పెట్టుబడి వచ్చిన చోట వైద్యానికి డబ్బు కొరత ఎందుకు ఉండాలి? నిబంధనలు చూస్తే కొంత అర్థమవుతుంది.

గనులున్న జిల్లాల కోసం 2015లో జిల్లా ఖనిజ నిధి వచ్చింది. పాత లీజులున్న గని సంస్థలు రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తం, వేలంలో పొందినవి 10 శాతం ఈ నిధికి కట్టాలి. ఆరోగ్యం ఇందులో ప్రాధాన్య రంగం. బీజాపుర్ జిల్లా ఆసుపత్రికి ఈ నిధితోనే ఎక్కువ జీతాలిచ్చి నిపుణులను రప్పించారు. కానీ నిధి పుట్టేది ప్రధానంగా ఖనిజం తవ్విన చోట. నగర్‌నార్ కొలిమికి వచ్చే ఖనిజం బైలాడీలాది, అంటే దంతెవాడ జిల్లాది. నగర్‌నార్‌లో ఉన్నది కొలిమి, గని కాదు.

మరి సీఎస్ఆర్? 2013 కంపెనీల చట్టం ప్రకారం, గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. లాభం లేకపోతే చట్టపరంగా ఆ లెక్క సున్నా. ఉత్పత్తి మొదలైన తర్వాత 2023-24లో, 2024-25లో ఎన్‌ఎండీసీ స్టీల్ నష్టాలే ప్రకటించింది. పూర్వపు మాతృసంస్థ ఎన్‌ఎండీసీ లాభాల్లో ఉంది, బైలాడీలా ప్రాంతంలో దాని ఆసుపత్రులూ ఉన్నాయి. జగదల్‌పుర్ వైద్య కళాశాల ప్రాంగణంలో కేంద్ర పథకం కింద కట్టిన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికీ ఎన్‌ఎండీసీ నిధులిచ్చింది. భవనం లేచింది కానీ నడిపే నిపుణులు దొరకలేదు. చివరికి హైదరాబాద్‌కు చెందిన ఒక ప్రైవేటు ఆసుపత్రి సంస్థకు నిర్వహణ అప్పగించాలని రాష్ట్రం నిర్ణయించింది. భవనం ప్రభుత్వానిది, నడిపేది ప్రైవేటు సంస్థ. ఏ చికిత్సకు ఎంత తీసుకోవచ్చు, కార్డులో రానిదానికి ఎవరు చెల్లిస్తారు అనేవి ఒప్పందం నిబంధనల మీదే ఆధారపడతాయి. ఆ నిబంధనలు హిందీలోనో హల్బీలోనో ఆసుపత్రి గోడ మీద రాసి పెడితే మితానిన్‌ల పని సగం తగ్గుతుంది.

ఉక్కు, ఇనుప గనుల పక్కన ఆసుపత్రి ప్రశ్న ఛత్తీస్‌గఢ్‌కు కొత్త కాదు. భిలాయ్ ఉక్కు కర్మాగారానికి ఖనిజం పంపే దల్లీ రాజహరాలో పర్మినెంటు కార్మికులకు కంపెనీ ఆసుపత్రి ఉండేది, కాంట్రాక్టు కార్మికులు బయటే. శంకర్ గుహా నియోగి నాయకత్వంలోని కార్మిక సంఘం ఉపాధ్యక్షురాలు కుసుమ్ బాయి సరైన వైద్యం అందక ప్రసవ సమయంలో చనిపోయారు. సొంత ఆసుపత్రి ఉండాలన్న పట్టుదల అక్కడి నుంచి పుట్టింది. కార్మికులు చందాలు వేసుకుని, శ్రమదానం చేసి, 1983 జూన్ 3న శహీద్ ఆసుపత్రిని ప్రారంభించారు. 1977 కాల్పుల్లో చనిపోయిన కార్మికుల గుర్తుగా ఆ పేరు పెట్టారు. బినాయక్ సేన్, శైబాల్ జానా వంటి డాక్టర్లు అక్కడ పనిచేశారు. గని కార్మికులకు, వారి ఇళ్లలోని ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తలుగా తయారు చేశారు. అవసరమైన మందులే, అదీ జనరిక్ పేరుతోనే రాయడం నియమం. అక్కడ ఖర్చు తగ్గడానికి కొత్త యంత్రం ఏదీ కారణం కాదు. అనవసరమైన సెలైన్లు, టానిక్కులు మానేయడం, శిక్షణ పొందిన స్థానికుల చేతికి పని ఇవ్వడం కారణం.

ఖర్చు కాదు, కూలి

దేశం మొత్తం మీద ఆరోగ్య ఖర్చులో ప్రజలు సొంత జేబు నుంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం ఉండగా, 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గిందని జాతీయ ఆరోగ్య ఖాతాలు చెబుతున్నాయి. తగ్గింది, నిజమే. అదే ఏడాది ప్రభుత్వ ఖర్చు జీడీపీలో 1.84 శాతం. 2017 ఆరోగ్య విధానం 2025 నాటికి చేరాలనుకున్నది 2.5 శాతం.

ఆ తేడా బస్తర్‌లో ఖాళీ కుర్చీగా, కాంట్రాక్టు ఉద్యోగంగా కనిపిస్తుంది. 2025 ఆగస్టు 18 నుంచి ఛత్తీస్‌గఢ్‌లో జాతీయ ఆరోగ్య మిషన్ కాంట్రాక్టు సిబ్బంది 16 వేల మందికి పైగా నెల రోజులు సమ్మె చేశారు. ఉద్యోగాలు క్రమబద్ధం చేయాలని, ఇస్తామన్న 27 శాతం పెంపు ఇవ్వాలని అడిగారు. ల్యాబ్‌లు నడిపేవాళ్లు, కాన్పులు చేసేవాళ్లు, టీకాలు వేసేవాళ్లు అందులో ఉన్నారు. వాళ్లు లేని రోజుల్లో రోగి ఎక్కడికి వెళ్తాడో వేరే చెప్పక్కర్లేదు.

అదే నెలలో మితానిన్‌లూ రాయ్‌పుర్ వెళ్లి ఆందోళన చేశారు. తమను ఆరోగ్య మిషన్ సిబ్బందిగా గుర్తించాలని, కార్యక్రమ నిర్వహణను బయటి సంస్థలకు ఇవ్వొద్దని డిమాండ్ చేశారు. గ్రామీణ తల్లి ఆసుపత్రిలో ప్రసవిస్తే జననీ సురక్ష యోజన కింద తల్లికి రూ.1,400 వస్తాయి. నెలల తరబడి పరీక్షలకు తిప్పి, నొప్పులు మొదలైన రాత్రి వెంట వెళ్లి, కాన్పు అయ్యేదాకా వరండాలో కూర్చునే మనిషికి రూ.600. ఆ డబ్బు ఆమె ఖాతాలో ఎప్పుడు పడుతుందన్నది బిల్లు పాసయ్యేదాన్ని బట్టి ఉంటుంది.